గమ్ము రాయాలా, వద్దా

రాయాలా వద్దా అన్న బెంగ రచయితలకే ఉంటుందని నేను చాలాకాలం నమ్మాను. మోటారు షెడ్లలోనూ ఉంటుందని, పైగా అక్కడ ఒకసారి రాసింది కొట్టేసి మళ్లీ రాయడం కుదరదని ఆలస్యంగా తెలిసింది. అక్కడ రాసేది గమ్ము. ఇంజను విప్పి తిరిగి బిగించేటప్పుడు నీళ్లూ నూనే బయటికి కారకుండా రెండు లోహపు ముక్కల మధ్య పలచటి రేకునో అట్టనో పెడతారు. పుస్తకాల్లో దాని పేరు గాస్కెట్. మా వైపు షెడ్లలో ప్యాకింగ్. ఆ ప్యాకింగ్‌ని ఉన్నదున్నట్టు పొడిగా ఎక్కించాలా, లేక ట్యూబులోంచి గమ్ము పిండి, రాసి మరీ ఎక్కించాలా అన్న దగ్గర మా జిల్లాలో మనుషులు రెండు జట్లుగా చీలిపోయి ఉన్నారు. చీలిపోవడం అన్న మాటను దయచేసి గుర్తుపెట్టుకోండి. నా బతుకు ఆ మాట మీదే తిరగబడింది.

నేను రాసే జట్టు. ఇంజను గురించి ఏమీ తెలియకపోవడమే ఆ జట్టులో నా అర్హత. రాయమని పక్కవాడికి చెప్పి ఊరుకుంటే కొంతలో కొంత బాగుండేది. నేను స్వహస్తాలతో రాశాను. అదీ గమ్ముతో ఏ సంబంధమూ లేని రోగానికి. నా తెలివితక్కువతనాన్ని ఇంతకంటే తగ్గించి చెప్పే వాక్యం కోసం వెతికాను. దొరకలేదు.

అప్పట్లో నాకొక పాత కారు ఉండేది. వెనక సీటు పీకించేసి, అక్కడ అగరొత్తులు, కర్పూరం, వత్తులు, పసుపు కుంకాల ప్యాకెట్లు పేర్చుకుని, నరసన్నపేట నుంచి పాతపట్నం దాకా దారిలో కనిపించిన ప్రతి చిన్న కొట్టుకీ వేసేవాణ్ణి. అద్దం దించానంటే రోడ్డు పక్కన నడిచేవాళ్లు చెప్పులు విప్పాలేమో అన్నట్టు నిలబడేవారు. సారవకోట దగ్గర టీ కొట్టాయన నా కారు దూరాన కనబడగానే, "గుడి వస్తన్నాది, కాళ్లు ముడుసుకోండర్రా" అనేవాడు. విజయనగరంలో బీకాం చదివినవాడికి అది గొప్ప ఉద్యోగం కాదు. కానీ ఆ కారు నాకు చేసిన ఉపకారం వేరే ఉంది. అది కదిలినన్నాళ్లూ నేను మా బావ కొట్టులో కూర్చోనక్కరలేదు.

బావ అంటే మా పెద్దక్క మొగుడు. నరసన్నపేటలోనే మోటారు విడిభాగాల కొట్టు. నోట్లో మాట, చేతిలో సరుకు, రెండూ ఎప్పుడూ నిండుగా ఉండే మనిషి. కౌంటరు పక్కన ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు వేసి ఉంచేవాడు. ఎప్పుడో ఒక కాలు చివర విరిగి పొట్టిదైతే, పారేయడానికి మనసొప్పక, ఆ కాలికింద గమ్ము పిండి ఎండబెట్టి ముద్దలా తయారుచేసి సరిచేశాడు. నేను ఎప్పుడు ఆ దారిన వెళ్లినా, కొట్లో ఎంతమంది ఉన్నా సరే, ఆ స్టూలును అరచేత్తో తుడిచేవాడు.

"ఒరే బామ్మర్దీ, నీ స్టూలు ఎవుడికీ ఇవ్వట్లేదురా. నీ వత్తులు ఆరిపోనాక వస్తావు కదా, అందుకని."

కొట్లో ఉన్నవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అక్కమొగుడు కదా, నవ్వకపోతే కోపం వచ్చిందనుకుంటారు, కోపం వచ్చిందంటే ఒప్పుకున్నామని అనుకుంటారు. నా వ్యాపార సూత్రాలన్నీ ఆ స్టూలు చుట్టూ తిరిగేవి. ఎండ, వాన, పండగ, జ్వరం, దేనికీ కారు ఆపలేదు. ఆ స్టూలు మీద ఒక రోజు కూర్చుంటే ఇక లేవనివ్వరని నాకు తెలుసు.

ఒక వేసవిలో కారు తెల్లగా పొగ వదలడం మొదలెట్టింది. నేను అమ్మేది ధూపమే కాబట్టి కారు కూడా నా దారిలోకి వచ్చిందనుకున్నాను. తరవాత రేడియేటరులో పోసిన నీళ్లు పోసినట్టే మాయమవడం మొదలైంది. అప్పుడు హైవే పక్కన షెడ్డులో అప్పగించాను. అక్కడి మెకానిక్ లారీల మోత మధ్యే పుట్టి పెరిగాడేమో, పక్కన నిలబడ్డవాడితో కూడా అవతలి ఒడ్డున ఉన్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఇంజను మీద మూతలా కూర్చునే పెద్ద భాగాన్ని హెడ్డు అంటారు. అది విప్పి చూసి మధ్యాహ్నానికి నాకు ఫోను చేశాడు.

"బాబూ, హెడ్డు సీలిపోనాదండి."

"ఏం పోయింది?"

"హెడ్డండి. సీలిపోనాది."

"సీల్ పోయిందా?"

"ఆఁ ఆఁ, సీలిపోనాది."

"మరేం చెయ్యాలి?"

"ఏటి సేస్తాం. మార్సీడమే."

అంతే సంభాషణ. మా వైపు చకారం నోట్లోంచి బయటికి వచ్చేసరికి సకారమైపోతుందని మీకు తెలిసే ఉంటుంది. చెప్పు సెప్పవుతుంది, చూడు సూడవుతుంది. నాకూ తెలుసు. మా అమ్మ పెరట్లో కట్టె సీలిపోనాదంటే చీలిపోయిందని నిద్రలో కూడా అర్థమవుతుంది. కానీ షెడ్డులో మాట్లాడేది ఇంజను భాష, ఇంజను భాష ఇంగ్లీషు, ఇంగ్లీషులో సీలంటే సీలే అన్న లెక్కలో ఉన్నాను నేను. అతను నిక్షేపంలాంటి తెలుగులో హెడ్డు చీలిపోయిందని చెబితే, నేను అందులో ఇంగ్లీషు వెతుక్కుని, సీల్ పోయిందని విన్నాను. సీల్ పోతే ఏం చేస్తాం, సీలు వేస్తాం. మార్చేయడమే అన్నాడంటే సీలు మార్చమన్నాడు. ఇంత చక్కటి తర్కం నేను బీకాం పరీక్షలో కూడా రాయలేదు.

తిన్నగా బావ కొట్టుకి వెళ్లాను.

"బావా, హెడ్ సీలు పోయిందట. ప్యాకింగ్ ఒకటి, మంచి గమ్ము ఒకటి ఇవ్వు."

బావ నా వంక చూశాడు. అంత ప్రేమగా ఆయన నన్ను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"ఏటి పోనాది?"

"సీలు."

"సీలా?"

"సీలే బావా. మెకానిక్ ఫోన్ చేశాడు."

"సీలు పోతే మరి గమ్మే" అని లేచి, అలమరలోంచి పెద్ద ట్యూబు తీశాడు. ఇంకోటి కూడా తీసి పక్కన పెట్టాడు. నాకు టీ తెప్పించాడు. "ఒక మాట ఇను. ఆ మెకానిక్‌కి ఇవ్వకు. ఆడు పిసినారి రాత రాస్తాడు. నువ్వే రాయి. రెండు పక్కలా, దట్టంగా. సదువుకున్నోడివి, రాయడం నీకు సెప్పాలేటి."

ఆ రోజు ఆయన స్టూలు తుడవలేదు. నాకది కూడా మర్యాదగానే కనబడింది.

షెడ్డుకి వెళ్లేసరికి పక్క టీ బడ్డీలో ఉండాల్సినవాళ్లంతా నా కారు చుట్టూ ఉన్నారు. ఎందుకున్నారో నేను అడగలేదు. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "తమరే రాస్తారటండి?" అన్నాడు. నేనే అన్నాను. "మీ బావగారు ఫోను సేసినార్లెండి. తమరు సెప్పినట్టే సెయ్యమన్నారు, ఎదురు సెప్పొద్దన్నారు" అని పక్కకి తప్పుకున్నాడు.

రాశాను. ముందు బానెట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టి, నా సరుకులోంచే ఒక అగరొత్తి వెలిగించి, ప్యాకింగ్‌కి ఒక పక్కంతా రాసి, తిప్పి రెండో పక్క రాశాను. దోసె మీద నెయ్యి వేసినట్టు వేశాను. అంచులు దాటి కారితే వేలితో సర్దాను. వెనక ఒక లారీ డ్రైవరు, "పెల్లికూతురికి గోరింటాకు పెడతన్నాడురా" అన్నాడు. ఇంకొకాయన, "పండాలంటే రాత్రంతా ఉంచాల బాబూ, కడిగీకండి" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వుతుంటే నా పనితనానికి ముచ్చటపడుతున్నారనుకుని ఇంకాస్త పిండాను. మెకానిక్ మాత్రం నవ్వలేదు. ట్యూబు వంక, నా వంక మార్చి మార్చి చూసి, చెప్పినట్టే హెడ్డు ఎక్కించి బిగించాడు.

కారు కదిలింది. నన్ను నాశనం చేసింది ఆ కదలడమే. కదలకపోయి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది. రెండు మూడు ట్రిప్పులు సుఖంగా తిరిగి, నేను రాసే జట్టు తరఫున దారిలో అందరికీ ఉపన్యాసాలిచ్చాను. సారవకోట టీ కొట్టులో కూర్చుని, "గమ్ము రాస్తే ఇంజనుకి ఇంజను కొత్తదైపోతుంది" అన్నాను. ఆ మర్నాడు పాతపట్నం ఇంకా కొంత దూరం ఉందనగా కారు ఒక్కసారి వణికి, ఈసారి ధూపం కాదు, హోమమే చేసి ఆగిపోయింది. మళ్లీ ఏ తాళానికీ పలకలేదు.

తాడు కట్టి లాక్కొచ్చాక మెకానిక్ ఇంజను మళ్లీ విప్పాడు. అడుగున నూనె ఉండాల్సిన చోట పాలెక్కువైన టీ లాంటిది ఉంది. అందులో ఎర్రటి గమ్ము ముక్కలు తేలుతున్నాయి. నేను అంచులు దాటించి పిండిందంతా లోపలికి జారి, నూనె పీల్చే జల్లెడకి అడ్డం పడి, నూనె అందక ఇంజను పట్టేసిందట. జల్లెడ నిండిపోయి ఉంది. అది పక్కన పెట్టి, హెడ్డు తిరగేసి చూపించాడు. రెండు రంధ్రాల మధ్య వెంట్రుకలాంటి గీత.

"అప్పుడే సెప్పినాను కదండీ, సీలిపోనాదని."

"సీలు పోయిందన్నావు."

"సీలు కాదండి బాబూ. కట్టె సీల్తాం సూడండి. ఆ సీలు."

ఆ షెడ్డులో, ఆ క్షణాన, నాకు నా మాతృభాష అర్థమైంది.

కారును పాత ఇనుము కొట్టువాడు తీసుకుపోయాడు. వాడు దాన్ని ముక్కలు చేస్తుంటే చుట్టుపక్కలంతా కర్పూరం వాసన వచ్చిందని తరవాత ఎవరో చెప్పారు. మర్నాడు పొద్దున్న నేను బావ కొట్టుకి వెళ్లాను. ఆయన స్టూలు తుడిచాడు. కూర్చున్నాను.

ఆ రోజుల్లో బావ మీద నాకు కోపం లేదు సరికదా, కృతజ్ఞత ఉండేది. నేను తప్పు విని తప్పు చెబితే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, అడిగింది ఇచ్చాడు అనుకునేవాణ్ణి. కృతజ్ఞత చూపించడానికి స్టూలు మీద నిటారుగా కూర్చునేవాణ్ణి. వారం తిరక్కుండా నాకో కొత్త పిలుపు వచ్చింది. జిగురు. తెలుగుదనం కోసం గమ్మును బావే అనువదించాడు. "జిగురూ, ప్లగ్గు తియ్యి." "జిగురూ, ఈ బాబుగారికి బెల్టు సూపించు." జిగురు కాబట్టి అంటుకుంది. కొన్నాళ్లకి మా వీధిలో పాలవాడు కూడా "జిగురుగారి ఇల్లు ఇదేనా" అని అడిగాడు. మా ఆవిడ ఇదేనంది.

స్టూలు మీద కూర్చున్నాక ప్యాకింగుల మీద పడ్డాను, కాలు విరిగినవాడు డాక్టరు కబుర్లు చెప్పినట్టు. ప్యాకెట్ల లోపల మడతపెట్టి ఉండే కాగితాలు ఎవరూ చదవరు. నేను చదివాను. చాలావాటిలో పొడిగా ఎక్కించమనే ఉంది. రెండు ముక్కలు కలిసే మూలల్లో ఒక చుక్క, మరి కొన్ని మూతలకి సన్నటి గీత, అంతే. కొన్నిటికి అసలు ప్యాకింగే ఉండదు, గమ్మే ప్యాకింగ్. ఏది ఎక్కడన్నది కంపెనీవాడు చెబుతాడు. హెడ్డు ప్యాకింగ్‌కి మాత్రం రాయొద్దని లావు అక్షరాలతో ఉంది. నేను రాసిన చోటే రాయొద్దని ఇంత లావుగా రాసి ఉండటం చూసి కాసేపు ఆ కాగితాన్ని మడవలేకపోయాను.

మా కొట్టు పద్ధతి వేరు. ప్యాకింగ్ ఏదైనా సరే, దానితో ఒక ట్యూబు వెళ్లాలి. "గమ్ము రాయాలా అండి?" అని ఎవరైనా అడిగితే బావ, "రాయకపోతే లీకే" అని వాడి చేతిలో పెట్టేవాడు. ఒకసారి ఉండబట్టలేక, "బావా, ఈ ప్యాకింగ్‌కి అక్కర్లేదని కాగితంలో ఉంది" అన్నాను. ఆయన కొనడానికి వచ్చినవాడి వైపు తిరిగి, "ఈడెవుడో తెలుసునా? హెడ్డు సీలిపోతే గమ్ము రాసినాడు. ఇప్పుడు మనకి పాటం సెప్తన్నాడు" అన్నాడు. ఆ మనిషి ఒకటి అడగబోయి రెండు ట్యూబులు తీసుకుని వెళ్లాడు. నా నోటినుంచి వచ్చిన నిజం ఆ కొట్లో గమ్ము అమ్మకాన్ని పెంచుతుందని ఆ రోజే గ్రహించాను.

తరవాత మేనకోడలి ఓణీల ఫంక్షను వచ్చింది, అంటే బావ కూతురిది. మేనమామని నేను. పట్టుచీర నేను పెట్టాలి, పిల్లను చెయ్యి పట్టుకుని వేదిక మీదికి నేను తీసుకురావాలి. ఆ రోజుకి నాకు స్టూలు కాదు, తెల్లగుడ్డ కట్టి వెనక ముడేసిన కుర్చీ వేశారు. చీర పెట్టాను, అక్షింతలు వేశాను, ఫోటోలు తీశారు. అందరూ తృప్తిగా ఉండగా బావ మైకు తీసుకున్నాడు.

"మా బామ్మర్ది సీర ఎట్టినాడు. బాగున్నాది. అంచులు ఊడకుండా గమ్ము రాసినాడేమో సూసుకోవాల."

హాలు నవ్వింది. అక్కడితో ఆపి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. ఆయన మొదటినుంచీ ఆడి చూపించాడు. కుడిపక్కకి తిరిగి మెకానిక్ అయ్యాడు, ఎడమపక్కకి తిరిగి నేనయ్యాడు. నా గొంతు కోసం ముక్కు పట్టుకున్నాడు. సీలిపోనాది అన్నప్పుడల్లా ఒక నవ్వు, సీల్ పోయిందా అన్నప్పుడల్లా ఇంకా పెద్ద నవ్వు. నేనూ నవ్వుతున్నాను, తెల్లగుడ్డ కుర్చీలో, అందరికీ కనబడేలా.

"అసలు సంగతి మీకు తెల్దు" అన్నాడు చివర్న. "ఈడి కంటే ముందే మెకానిక్ నాకు ఫోను సేసినాడు. బాబూ, హెడ్డు సీలిపోనాది, పాత హెడ్డేదైనా ఉంటే సూసి ఉంచండి అన్నాడు. ఉన్నాది కూడాను, అలమర మీద. ఈలోగా ఈడొచ్చి సీలు పోనాదంటాడు. నానేటి సేస్తాను? ట్యూబు ఇచ్చినాను. ఒకటి సాలదేమోనని రెండిచ్చినాను. మీరు సూడండర్రా అని షెడ్డు దగ్గరికి మనుసుల్ని కూడా నానే పంపినాను."

అప్పుడు నవ్విన నవ్వులో నాకు కొన్ని నవ్వులు విడివిడిగా వినిపించాయి. మా అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వేదిక మీద నేను పెట్టిన చీరలో మేనకోడలు నవ్వింది. ముందు వరసలో మా ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నా నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియలేదు. ముఖం మాత్రం ఆ ఆకారంలోనే ఉండిపోయింది.

ఇంటికి వస్తూ ఆటోలో మా ఆవిణ్ణి అడిగాను.

"నవ్వొచ్చింది, నవ్వీసినాను. అంతమందిలో ఏడవమంటారేటి?" అంది.

మర్నాడు కొట్టు తెరిచాక బావనీ అడిగాను. "తెలిసే ఇచ్చావా బావా?"

"తెలిసే ఇచ్చినాను" అన్నాడు, బిల్లు పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "నాను కొట్టుకాణ్నిరా. ట్యూబు అడిగినావు, ట్యూబు ఇచ్చినాను. హెడ్డు అడిగితే హెడ్డు ఇద్దును." పేజీ తిప్పి, "అయినా ఆ స్టూలు ఎన్నాళ్లని కాళీగా ఉంచుతాను" అన్నాడు.

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఇంకెక్కడ కూర్చుంటాను.

ఆ తరవాత కొన్నాళ్లకి గమ్ము కంపెనీ వాళ్లనుంచి కబురొచ్చింది. విజయనగరంలో డీలర్ల మీటింగు, ఎక్కువ ట్యూబులు అమ్మిన కొట్టువాళ్లకి శాలువా కప్పుతారు, బావ పేరు ఉంది. బావ పట్టుచొక్కా, తెల్ల ఫేంటు కుట్టించుకున్నాడు. మీటింగుకి ముందు రోజు ఏదో పల్లెలో బాకీ వసూలుకి వెళ్లొస్తూ తన కొత్త కారును రాయి మీదినుంచి పోనిచ్చాడు. కింద ఏదో తగిలింది, నూనె చుక్కలు పడుతున్నాయి. కారును షెడ్డులో వదిలి దర్జీ దగ్గరికి వెళ్లాడు. ఆయన ఫోను కలవక మెకానిక్ నాకు చేశాడు.

"జిగురుబాబూ, మీ బావగారితో సెప్పండి. సేంబరు సీలిపోనాదని."

ఇంజను అడుగున నూనె నిలవుండే తొట్టిని చాంబరు అంటారు. నేను ఒక్కటే అడిగాను. "ఏ సీలు?"

అతను నవ్వాడు. "కట్టె సీలేనండి. గోరు దూరీలాగున్నాది. మార్సాల, నేదంటే ఎల్డింగు ఎట్టించాల. ఆ బండితో రేపు ఇజీనారం ఎల్లడం కాదు."

బావ వచ్చేసరికి కొట్లో జనం ఉన్నారు. నేను లేచి నిలబడి, చకారాన్ని విజయనగరం కాలేజీలో నేర్పినట్టు నాలుక పైకి ఆన్చి మరీ పలికి చెప్పాను.

"బావా, చాంబరు చీలిపోయిందట."

బావ ముందు నన్ను చూశాడు, తరవాత జనాన్ని చూశాడు. ఆయనకి జనం కనిపిస్తే చాలు.

"ఇన్నారా? అప్పుడు సీలిపోతే సీలు పోనాదన్నాడు. ఇప్పుడు సీలు పోతే సీలిపోనాదంటన్నాడు. ఈడు ఏది సెప్తే దాన్ని తిరగేసుకుంటే సరి." జనం నవ్వారు. ఆయన అలమరలోంచి చాంబరు ప్యాకింగ్, ఒక పెద్ద ట్యూబు తీసి కౌంటరు మీద పడేసి, మెకానిక్‌కి ఫోను కలిపాడు. "ఒరే, పేకింగు, గమ్ము పంపుతన్నాను. దట్టంగా రాసి ఎక్కించీ. ఆఁ, నువ్వు సెప్పింది అందినాదిలే. నాకు తెల్దేటి? సెప్పినట్టు సెయ్యి, ఎదురు సెప్పకు."

మెకానిక్ ఎదురు చెప్పలేదు. చీలిన చోట గమ్ము రాయడం మా కుటుంబంలో ఆచారమని అతనికి ఒకసారి అనుభవమే. ఈసారి ప్యాకింగ్‌కీ, పగులుకీ రెండింటికీ రాశాడట, మా మర్యాద కోసం.

నేను నిజమే చెప్పాను. రెండోసారి చెప్పలేదు. కాగితంలో చుట్టిచ్చింది మాత్రం నేనే. ఒక ట్యూబు చాలదేమోనని రెండోది కూడా పెట్టాను.

మర్నాడు పొద్దున్న బావ పట్టుచొక్కాలో కొట్టు ముందు కారాపి, అద్దం దించి, "కొట్టు జాగ్రత్తరా జిగురూ. ఎవుడికీ సదువు సెప్పకు" అని వెళ్లాడు. కారు కింద నేల పొడిగానే ఉంది. ఆరిన గమ్ము కొంతసేపు నిలబడుతుంది. నాకు తెలుసు, నా కారు కూడా కదిలింది.

ఎండ నడినెత్తికి వచ్చాక ఫోను వచ్చింది. రణస్థలం దగ్గర ఆయన ఇంజను వీరమరణం పొందింది.

"ఒరే, నూనె లైటు ఎలిగినాది. ఎలిగినాదో నేదో, పట్టీసినాది."

"సీలు పోయిందా బావా?" అన్నాను.

అవతల లారీల మోతలో బానెట్టు దించిన చప్పుడు వినిపించింది.

"నిన్న నువ్వు నాకు ఏటి సెప్పినావు?"

"చీలిపోయిందని చెప్పాను బావా."

"గట్టిగా సెప్పొచ్చు కదరా."

"చ పలికాను. మన వైపు అంతకంటే గట్టిగా ఎవరూ పలకరు."

ఆయన తిట్టలేదు. తిట్టడానికి చుట్టూ జనం లేరు. "కిందకి దూరి సూసినాను, తెల్ల ఫేంటంతా నల్లగైపోనాది" అన్నాడు చిన్నగా. "శాలువా టైమైపోనాది. మెకానిక్‌ని పంపు. ఇక్కడ నీడ నేదు, కూకోడానికి ఏటీ నేదు."

"పంపుతాను బావా."

మెకానిక్ తాడూ సామానూ వేసుకుని వ్యానులో కొట్టు ముందుకి వచ్చాడు. నేను లోపలికి వెళ్లి ఎర్ర స్టూలు తెచ్చాను. ఇదేటండి అన్నాడు. బావ కూర్చోడానికి అన్నాను. ఉండమని చెప్పి, స్టూలును తిరగేసి, పొట్టి కాలికింద గట్టిపడిన గమ్ము ముద్దను స్క్రూడ్రైవరుతో గీకి, అంచులు కూడా మిగలకుండా ఊడదీశాను. నేలమీద పెట్టి చూశాను. ఏ పక్క కూర్చున్నా ఇంకో పక్కకి ఒరుగుతోంది. వ్యాను ఎక్కించాను.

"కాలికింద ఏదైనా రాయమంటారేటి?" అన్నాడు మెకానిక్.

"వద్దు" అన్నాను. "పొడిగానే ఇవ్వు."